అరవై మెషీన్ల ల్యాబ్ సారు

మా ల్యాబ్ సారు పోయారన్న సంగతి నాకు పాత బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో తెలిసింది. కుప్పంలో నేను పనిచేసే ఆఫీసులో ఆ ఉదయం సర్వర్ అప్‌డేట్లు చూసుకుంటున్నాను. ఫోను వరసగా మోగడం మొదలుపెట్టింది. పుంగనూరులో ఇంటి దగ్గరే గుండె ఆగిందట, ఆసుపత్రికి తీసుకెళ్లేలోపే అయిపోయిందట. ఆ ఒక్క మెసేజ్ కింద మధ్యాహ్నానికల్లా దండాల బొమ్మలు బారులు తీరాయి. గొప్ప గురువు అని ఒకరు, మన ల్యాబ్‌కు ప్రాణం ఆయనే అని ఇంకొకరు. ఆరేళ్లుగా ఆయన ఎక్కడున్నారో, ఎలా ఉన్నారో ఒక్కరూ అడగని గ్రూపు అది. అందులో నేనూ అడగలేదు. నేనూ ఒక దండం బొమ్మ పెట్టాను. పెట్టగానే నా మీద నాకే అసహ్యం వేసింది. తీసేద్దామనుకున్నాను. తీసేస్తే అందరికీ తెలిసిపోతుందని అలాగే ఉంచేశాను.

నలుగురిలో ఎలా కనపడతానో అన్న ఈ భయం నాకు కొత్తది కాదు. సారు ఉద్యోగం పోయింది దానివల్లనే. ఆ సంగతి ఒప్పుకోవడానికే ఇది రాస్తున్నాను. కానీ ముందు ఆయన ఎలాంటి మనిషో చెప్పాలి. లేకపోతే నేను చేసిన పని ఎంతటిదో మీకు తెలియదు.

మదనపల్లె దగ్గర ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో ఆయన ల్యాబ్ అసిస్టెంటు. డిప్లొమా చదివారు. పుంగనూరు నుంచి రోజూ బస్సులో వచ్చి పోయేవారు. మేం విద్యార్థులం ఆయన్ను సారు అనేవాళ్లం గానీ, కాలేజీ దృష్టిలో ఆయన సారు కాదు. లెక్చరర్లు "ఏమప్పా, ఈ ప్రొజెక్టరు సూడు" అని పిలిచేవారు. వాళ్లలో సగం మందికి ఆయన పేరు తెలియదని నాకు గట్టి నమ్మకం. ఏటా స్టాఫ్ ఫొటో తీసేటప్పుడు కుర్చీలు మోసుకొచ్చి వరసగా వేసేది ఆయనే. ఫొటోలో మాత్రం ఆయన ఉండరు.

మా ల్యాబులో అరవై పాత కంప్యూటర్లు ఉండేవి. ఆన్ చేస్తే తెరుచుకునేలోపు పీరియడ్ సగం అయిపోయేది. కొత్తవి కావాలని అడిగి అడిగి ఆయన మానేశారు. ఒకసారి బెంగళూరులో ఏదో కంపెనీ పాత సర్వర్‌ను పారేస్తున్నదని పాత విద్యార్థి ఒకడు ఫోన్ చేస్తే, సెలవు పెట్టి వెళ్లి తెచ్చుకున్నారు. ఎలా తెచ్చారనుకున్నారు? మదనపల్లె టమాటాలు అక్కడ దించేసి, ఖాళీ క్రేట్లతో తిరిగొస్తున్న లారీలో, క్రేట్ల మధ్యన దుప్పటి చుట్టి. మూడు రోజుల పాటు సర్వర్ పెట్టిన గదిలో కుళ్లిన టమాటా వాసన పోలేదు. తర్వాత దానిలో లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించి, అరవై వర్చువల్ మెషీన్లు తయారుచేశారు. అంటే, ఆ ఒక్క పెద్ద కంప్యూటర్ లోపలే విడివిడిగా అరవై కంప్యూటర్లు. మా ముందున్న పాత డబ్బాలు ఇక వట్టి కిటికీలు. పని జరిగేదంతా సర్వర్ లోపలే.

నేను గంగవరం దగ్గర పల్లె నుంచి వచ్చినదాన్ని. ఇంటర్ దాకా తెలుగు మీడియం. కీబోర్డు మీద చెయ్యి వేయాలంటే వణుకు. మొదటి రోజు ఆయన నా వెనక నిలబడి చెప్పిన మాటలు ఇప్పటికీ వినపడతాయి.

"భయపడాకమ్మా. ఇది ఒగ పెద్ద ఇల్లు. లోపల అరవై కాపరాలు పెట్టినాను. ఎవురి పొయ్యి వాళ్లది, ఎవురి తలుపు వాళ్లది. నీ ఇంట్లో నువ్వు నిప్పు పెట్టుకున్నా పక్కింటికి అంటదు. ఊరికే పగలగొట్టు, సూస్తాం."

వారం తిరక్కుండా నిజంగానే పగలగొట్టాను. ఏదో కమాండ్ కొట్టబోయి ఇంకేదో కొట్టి, మెషీన్ లోపల ఉన్నదంతా తుడిచేశాను. ఏడుస్తూ కూర్చుంటే వచ్చి చూసి, నవ్వి, ఆ మెషీన్‌ను తీసి పారేసి ఐదు నిమిషాల్లో కొత్తది ఇచ్చారు. "దీనికి ఏడ్సేదేముండాది? తల్లి బాగుండాది కదా," అన్నారు. తల్లి అని ఆయన పిలిచేది, మొదట చేత్తో కట్టి పక్కన పెట్టుకున్న మెషీన్‌ను. మిగతావన్నీ దాని క్లోన్లు, అంటే అచ్చు నకళ్లు. ఆయన భాషలో పిల్లలు.

ఆ పిల్లలకు నంబర్లు ఇవ్వకుండా పేర్లు పెట్టారు. రాగి, సద్ద, అలసంద, ఉలవ, అనప, చింత. చేలో పండేవీ కంచంలో పడేవీ అయిపోయాక చెట్ల పేర్లకు వెళ్లారు. ముల్లంగి అనే మెషీన్ వచ్చిన అమ్మాయి ఒకతె నాలుగేళ్లూ ఆయనతో పోట్లాడింది. పేరు మార్చమంటే, "ముల్లంగికేం తక్కువమ్మా, సాంబారులో వెయ్యి," అని తప్పించుకునేవారు.

అంత సరదా మనిషి, క్లోన్ తీసే రోజున మాత్రం పలకరిస్తే పలికేవారు కాదు. తల్లిని కట్టడానికి ఒక రోజంతా తీసుకునేవారు. మూడుసార్లు ఆపి, మూడుసార్లు లేపి చూసేవారు. ఆ తర్వాత పూర్తిగా ఆఫ్ చేసి గానీ క్లోన్ జోలికి వెళ్లరు. "నడస్తా ఉండేదాన్ని క్లోన్ సేస్తే సగం మాట నోట్లోనే ఉండిపోతాది," అనేవారు. ఆఫ్ చేసేముందు తల్లి లోపల కొన్నిటిని తుడవాలి. దాని పేరు, దాని తాళాలు, అన్నిటికంటే ముఖ్యంగా దాని గుర్తు. ప్రతి లినక్స్ మెషీన్‌లోనూ ఒక చిన్న ఫైలు ఉంటుంది. అందులో అక్షరాలూ అంకెలూ కలిసిన పొడవాటి గుర్తు ఒకటి ఉంటుంది. నెట్‌వర్కు ఆ గుర్తును చూసే మెషీన్‌కు అడ్రసు ఇస్తుంది. ఆ ఫైలును ఖాళీ చేసి వదిలితే, పిల్ల మొదటిసారి లేచినప్పుడు కొత్త గుర్తు తానే రాసుకుంటుంది.

"తుడవకపోతే ఏమైతాది సార్?" అని అడిగాను ఒకసారి.

"అన్నీ తల్లి పేరే సెప్పుకుంటా తిరుగుతాయి. అందరికీ ఒగే డోర్ నంబరు. పోస్టోడు ఉత్తరం ఎవురికియ్యాల?"

అన్నీ తయారయ్యాక కూడా మొదట రెండే లేపేవారు. ఆ రెండూ వేరే వేరే అడ్రసులు తెచ్చుకున్నాయని కళ్లతో చూశాకే మిగతావాటికి అనుమతి. సర్వర్ గదిలో ఏసీని ఎవరో పెద్దమనుషుల విశ్రాంతి గదికి పట్టుకుపోయారు. అప్పటినుంచి కిటికీకి తడి గోనెపట్టాలు కట్టి, గంటకోసారి వచ్చి సర్వర్ వెనకభాగాన్ని, జ్వరం వచ్చిన పిల్లాడి నుదురు చూసినట్టు, మణికట్టుతో తాకి చూసేవారు. నాకు ఈరోజు తిండి పెడుతున్న విద్య మొత్తం ఆ గదిలో, ఆ గోనెపట్టాల వాసనలో నేర్చుకున్నదే. నా డిగ్రీలో మిగతాది కాగితం.

చదువు అయ్యాక అదే కాలేజీలో నాకు ఉద్యోగం వచ్చింది. సిస్టమ్ అడ్మిన్ అని కొత్త పోస్టు పెట్టారు. నిజానికి ఆ పని ఆయన అప్పటికి ఎన్నో ఏళ్లుగా చేస్తున్నారు. ఆయనా దరఖాస్తు పెట్టుకున్నారు. బీటెక్ లేదని పక్కన పడేశారు. ఆయన దగ్గర నేర్చుకున్న నన్ను ఆయన పైన అధికారిగా కూర్చోబెట్టారు. మొదటి రోజు నేను ల్యాబులోకి వెళ్తే ఆయన లేచి నిలబడ్డారు.

"రాండి మేడమ్."

"సార్, నన్ను అట్ల పిలవద్దండి. నాకు ఎట్లో ఉండాది."

"ఇది కాలేజీ మేడమ్. పిలవకపోతే నన్నే అంటారు."

వారం రోజులు ఆ పిలుపు ముల్లులా గుచ్చుకుంది. నెల తిరిగేసరికి అలవాటైంది. దాచుకోవడం ఎందుకు, ఏడాది తిరిగేసరికి నాకది నచ్చింది. ఆయన సెలవు చీటీలు నా సంతకంతో ఆఫీసుకు వెళ్లేవి. ఆయన రాసింది చదివి, పెన్ను మూత తీసి, కాస్త ఆలోచిస్తున్నట్టు ఆగి సంతకం పెట్టేదాన్ని.

ఆరేళ్ల కిందట బెంగళూరు నుంచి ఒక కంపెనీ మా కాలేజీకి ఉద్యోగాల పరీక్ష పెట్టడానికి వచ్చింది. శుక్రవారం పరీక్ష. అరవై సీట్లు చాలవని పక్క ల్యాబులో ఇంకో నలభై వేశారు. వాటికి నలభై క్లోన్లు కావాలి. మంగళవారం ఉదయం సారు నా టేబుల్ దగ్గరికి వచ్చి సెలవు చీటీ ఇచ్చారు.

"రేపట్నుంచి మూడు దినాలు సెలవు కావాల మేడమ్. ఇంటామెకు ఆపరేషన్, ఈడే మదనపల్లెలో. తప్పదు."

"పరీక్ష ఉండాదే సార్?"

"తల్లిని సిద్ధం సేసి, గుర్తు తుడిచి, ఆఫ్ సేసి పెట్టినాను. మీరు అట్లే నలభై క్లోన్లు తీసేయండి. మద్దెలో తల్లిని లేపాకండి. లేపితే గుర్తు మళ్లీ రాసుకుంటాది, మళ్లీ తుడవాల్సొస్తాది. క్లోన్లు తీసినాక ముందు రెండే లేపి సూడండి."

సరేనన్నాను. చీటీ తీసి సొరుగులో వేశాను, సంతకం తర్వాత పెడదామని. సొరుగులో ఇంకేవో కాగితాలు దాని మీద పడ్డాయి.

గురువారం కంపెనీ వాళ్లు ఫోన్ చేసి, మెషీన్లలో ఇంకేదో సాఫ్ట్‌వేర్ ఉండాలన్నారు. తల్లిని లేపాను. ఎక్కించాను. ఆఫ్ చేశాను. అదే సమయానికి ప్రిన్సిపాల్ గుమ్మంలో నిలబడి, అతిథులకు కుర్చీలు ఎక్కడ వేయాలో, ఫ్లెక్సీలో ఎవరి ఫొటో ముందుండాలో నాతో చర్చిస్తున్నాడు. గుర్తు తుడవలేదు. మర్చిపోయానని చెబితే సగం అబద్ధం. తుడవాలని ఒక క్షణం తట్టింది. మళ్లీ లేపి తుడిచి ఆపాలంటే ఇంకో పావుగంట. ఏమవుతుందిలే అనుకున్నాను. నలభై క్లోన్లు తీసి ఇంటికి వెళ్లిపోయాను. రెండిటిని లేపి చూడలేదు.

శుక్రవారం నలభై మెషీన్లూ ఒకే గుర్తు చెప్పి ఒకే అడ్రసు తెచ్చుకున్నాయి. పరీక్ష మొదలైన పది నిమిషాలకే పక్క ల్యాబులో గోల మొదలైంది. ఒకరి తెర ఆగిపోతుంది. మళ్లీ కనెక్ట్ చేస్తే ఇంకొకరి మెషీన్‌లో తేలతారు. వీళ్లు సగం రాసిన ప్రోగ్రాము వాళ్ల ముందు, వాళ్లది వీళ్ల ముందు. కంపెనీ వాళ్లు అది చూసి కాపీ అన్నారు. పిల్లలు కాదని మొత్తుకున్నారు. గంటలో పరీక్ష ఆపేసి, పెట్టెలు సర్దుకుని బెంగళూరు కారెక్కారు. ఆ నలభై మంది వరండాలో గోడకు ఆనుకుని కూర్చున్నారు. కాపీ కొట్టారన్న మాట మోస్తూ కూర్చున్నారు. నాకు అప్పటికే అంతా అర్థమైంది. నెట్‌వర్కు బాగోలేదేమో అని అందరితోపాటు నేనూ అన్నాను.

సోమవారం ప్రిన్సిపాల్ గదిలో విచారణ. సారు ఆసుపత్రి నుంచి నేరుగా వచ్చారు. చొక్కా జేబులో ఆసుపత్రి వాళ్లిచ్చిన పాసు ఇంకా అలాగే ఉంది. ఆయన్ను కూర్చోమని ఎవరూ అనలేదు.

"ల్యాబు నీది కదప్పా, పరీక్ష పెట్టుకోని యాడికి పోయినావు?"

"సెలవులో ఉంటిని సార్. మంగళవారమే లెటరు ఇచ్చినాను."

ప్రిన్సిపాల్ ఆఫీసుకు ఫోన్ చేశాడు. ఫైల్లో లేదన్నారు. "ఎవురికిచ్చినావు?"

సారు నా వైపు చూశారు. వేలెత్తి చూపలేదు, నా పేరు చెప్పలేదు. చెప్పడానికి నాకు వదిలారు. నాకిచ్చారు సార్ అంటే సరిపోయేది. ఆ మాట అంటే తర్వాతి ప్రశ్న, మరి క్లోన్లు తీసిందెవరు అని.

"నేను సూడలేదు సార్," అన్నాను.

ఆయన ఇంకొక్క క్షణం నన్నే చూసి, తర్వాత కిందికి చూశారు. ఏ క్లోన్‌ను ఎవరు ఎప్పుడు తీశారో సర్వర్‌లో నా లాగిన్‌తో సహా రాసి ఉంది. దాన్ని చూపించే కమాండ్ నాకు నేర్పింది ఆయనే. ఆయన ఆ ఊసే ఎత్తలేదు. నిర్లక్ష్యం అని ఒక కాగితం రాసి ఆయన్ను పంపించేశారు. సాయంత్రం సొరుగు తెరిచి చూస్తే చీటీ అక్కడే ఉంది. గుండ్రటి అక్షరాలు, కింద తేదీ. నాలుగు ముక్కలు చేసి బ్యాగులో వేసుకుని బస్టాండులో పారేశాను.

నిర్లక్ష్యం అన్న కాగితం ఉన్నవాణ్ని ఇంకే కాలేజీ తీసుకుంటుంది? ఆయన పుంగనూరులో చిన్న జెరాక్సు కొట్టు పెట్టుకున్నారు. నేను కుప్పంలో మంచి ఉద్యోగానికి వెళ్లాను. అరవై మెషీన్ల ల్యాబు నడిపానని దరఖాస్తులో రాసుకున్నాను. ఇంటర్వ్యూలో క్లోన్ చేసేముందు ఏమేం చేస్తారని అడిగితే, సారు మాటల్నే ఇంగ్లీషులో అప్పజెప్పాను. చాలా బాగా చెప్పారని మెచ్చుకున్నారు.

రెండేళ్ల కిందట పుంగనూరులో బస్సు మారుతూ ఆ కొట్టుకు వెళ్లాను. ఆయన జెరాక్సు మెషీన్ మూత తీసి ఇరుక్కున్న కాగితం లాగుతున్నారు. జుట్టు పూర్తిగా నెరిసింది. నన్ను చూసి స్టూలు జరిపారు.

"కుప్పంలో సర్వర్లు ఎన్ని ఉండాయి మేడమ్?" అదీ ఆయన మొదటి ప్రశ్న. చెప్పాను. ఏ లినక్స్, డిస్కులెట్లా, క్లోన్లు ఎవరు తీస్తారు, అన్నీ అడిగారు. ఆకలిగా ఉన్నవాడు ఇంకొకరి భోజనం గురించి అడిగినట్టు అడిగారు. నాకు ఉండబట్టలేదు.

"ఆ పొద్దు లాగిన్‌లో నా పేరు ఉండె కదా సార్. యాల చెప్పలేదు?"

"మంచితనం అనుకుంటాండారా?" అన్నారు, నవ్వకుండా. "కాదు మేడమ్. బీటెక్ మేడమ్ తప్పు సేసిందని డిప్లొమావోడు కంప్యూటర్లో సూపిస్తే, వాడే మార్చి పెట్టినాడంటారు. నమ్మేవాళ్లు లేనికాడ నోరు యాల నొప్పి సేసుకోవాల? మీరు సెప్పింటే నమ్మింటారు."

"ఇప్పుడైనా పోయి చెప్తాను సార్."

"ఎవురికి? ఆ ప్రిన్సిపాలూ లేడు, ఆ పిల్లోళ్లూ లేరు. ఇప్పుడు సెప్తే మీకే మేలు, నాకేముండాది." అంతలో ఎవరో ఆధార్ కార్డు పట్టుకుని వచ్చారు. ఆయన రెండువైపులా జెరాక్సు తీసివ్వడంలో మునిగిపోయారు. వెళ్లొస్తానంటే తల ఊపారు. క్షమించానని ఆయన అనలేదు. నేను అడగనూ లేదు.

ఆ కాలేజీ పాత విద్యార్థులు ఇది చదువుతారని తెలుసు. ఆ నలభై మందిలో ఎవరైనా ఉంటే వాళ్లకు చెబుతున్నాను. మీరు కాపీ కొట్టలేదు. సారు తప్పు చేయలేదు. క్లోన్లు తీసింది నేను. చీటీ చించింది నేను. గ్రూపులో గొప్ప గురువు అని రాయడం తేలిక. ఆ గురువును ఎలా పంపించేశామో ఒక్కరూ రాయలేదు కాబట్టి నేను రాస్తున్నాను.

దహనానికి నేను వెళ్లలేదు. ధైర్యం చాలలేదు. కర్మలన్నీ అయిపోయాక పుంగనూరులో వాళ్లింటికి వెళ్లాను. సారు భార్యను అంతకుముందు ఎప్పుడూ చూడలేదు. సన్నగా, పొడుగ్గా ఉంది. మదనపల్లె కాలేజీలో సారు దగ్గర చదువుకున్నానని చెప్పగానే హడావుడిగా కుర్చీ తుడిచి వేసింది. కాఫీ తెచ్చి చేతికిచ్చింది.

"ఆడినుంచి ఎవురూ రాలేదమ్మా. నువ్వు ఒగదానివే వచ్చినావు," అంది. సారు ఫొటో కింద గోడకు ఆనుకుని కూర్చుంది. కాసేపు ఆయన తిండీ నిద్రా గురించి చెప్పింది. ఆ తర్వాత గొంతు తగ్గించింది.

"ఆయప్ప ఉద్యోగం పోయింది నా వల్లనేమ్మా. నా ఆపరేషన్ అని అదరాబదరా పరిగెత్తుకోని వచ్చేసినాడు. లెటరు ఇయ్యకుండా వచ్చేసినాడు. ఇచ్చినానే, ఇచ్చినానే అంటాండె. నా మనసు నొచ్చుకుంటాదని అట్ల సెప్తాండాడని నాకు తెలుసు. నేను ఆ పొద్దు సచ్చిపోయినా బాగుండు, ఆయన ల్యాబు ఆయనకుండు."

ఆరేళ్లు. ఆమె ఆ బరువును మోసిన ఆరేళ్లూ నేను కుప్పంలో హాయిగా జీతం తీసుకున్నాను. ఇప్పుడు చెబితే మేలు మీకే అన్నారు సారు. ఆమె సంగతి ఆయన చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో నాకు తెలియదు. గ్లాసు కింద పెట్టాను.

"ఆయన లెటరు ఇచ్చినాడమ్మా. నాకిచ్చినాడు. నా సొరుగులో ఉండె. నేను లేదని చెప్పినాను. పరీక్ష చెడగొట్టింది కూడా నేనే."

ఆమెకు అర్థం కాలేదనుకున్నాను. మళ్లీ చెప్పబోయాను. ఆమె చెయ్యి ఎత్తి ఆపింది.

"ఏ పొద్దు ఇచ్చినాడు?"

"మంగళవారం పొద్దున్నే."

"నీ చేతికేనా?"

"నా చేతికే."

తిడుతుందని ఎదురుచూశాను. తిడితే బాగుండునని ఆశపడ్డాను కూడా. ఆమె నన్ను తిట్టలేదు, మళ్లీ నా వైపు చూడనూ లేదు. మెల్లగా లేచి, ఇంకో కుర్చీని ఫొటో ముందుకు లాక్కుని, నాకు వీపు పెట్టి కూర్చుంది.

"ఇచ్చినావంట కదా," అంది ఫొటోతో. "ఎన్నితూర్లు సెప్పినావు. నేనే నమ్మకపోతిని."

నేను లేచి నిలబడ్డాను.

"బస్సుంటాది, పొమ్మా," అంది, తల తిప్పకుండానే.

చెప్పులు వేసుకుని వీధి మలుపు దాకా నడిచి, ఒకసారి వెనక్కి చూశాను. తలుపు తెరిచే ఉంది. ఆమె కుర్చీలో ముందుకు వంగి, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, ఫొటోతో ఇంకా ఏదో చెబుతూనే ఉంది.